మలిసంధ్యలో సంకల్పం

వయసు మీరినవారినిగూర్చి "ఊరు పొమ్మంటున్నది, కాడు రమ్మంటున్నది" అని తెలుగువారు అంటారు. ఆ మాటలో కొంత పరిహాసమూ కొంత జాలీ ఉన్నవి. వాటి వెనుక ఒక తీర్పు కూడా ఉన్నది. ముసలివానికి ఇక మిగిలినది ప్రయాణమే కాని ప్రారంభం కాదని ఆ తీర్పు. 70 ఏండ్లు దాటినవాడు కొత్తగా ఒక భాష నేర్వబూనినా, తోట వేయబూనినా, పదేండ్లకు గాని ముగియని పనికి పూనుకొన్నా ఇరుగుపొరుగువారు చిరునవ్వు నవ్వుతారు. ఇంటివారు లోలోపల నొచ్చుకొంటారు. "ఈ వయసులో ఇదంతా ఎందుకు?" అన్న ప్రశ్న ఎవరో ఒకరి నోట రాక మానదు. అడిగినవారికి అది చిన్నమాట. విన్నవానికి మాత్రం అది తన కాలం తీరిపోయినదన్న ప్రకటనవలె వినిపిస్తుంది. కనుక ఆ ప్రశ్నను నవ్వి విడువక, నిజమైన ప్రశ్నగానే తీసికొని విచారించడం మంచిది. ఆయుర్దాయం కొద్దిగా మిగిలి ఉన్నదని తెలిసినవాడు దూరపుకాలానికి చెందిన పనులను ఆశతో తలపెట్టడం వివేకమా, మోహమా?

హితోపదేశగ్రంథం మొదటనే ఈ విషయమై పరస్పరవిరుద్ధాలుగా తోచే రెండు ఉపదేశాలు పక్కపక్కనే కనిపిస్తవి. విద్యనూ ధనాన్నీ ఆర్జించవలసినప్పుడు తనకు ముదిమీ మరణమూ లేనట్లు నడచుకోవలెననీ, ధర్మం ఆచరించవలసినప్పుడు మృత్యువు అప్పుడే జుట్టు పట్టుకొన్నట్లు త్వరపడవలెననీ ఆ ఉపదేశాల సారం. ఒక్క మనిషికే ఈ రెండు బుద్ధులూ చెప్పబడినవి. యౌవనంలో వీటికి సంఘర్షణ కలుగదు. మొదటిదాన్ని పాటిస్తూ రెండవదాన్ని రేపటికి వాయిదా వేయవచ్చును. వార్ధక్యంలో ఆ వెసులుబాటు లేదు. ఒకే ఉదయాన, ఒకే మనిషి, చాలాకాలం ఉండేవానివలె పని మొదలుపెట్టవలెను. ఆ సాయంకాలమే వెళ్ళిపోయేవానివలె దానిని చక్కబెట్టవలెను. ముసలివాని దీర్ఘప్రణాళికలోని కష్టమంతా ఇక్కడనే ఉన్నది. దాని ఘనత కూడా, ఉన్నపక్షంలో, ఇక్కడనే ఉండవలెను.

అటువంటి ప్రణాళికలు కూడవనేవారి వాదంలో మూడు ఆక్షేపణలు ఉన్నవి. మొదటిది లెక్కకు సంబంధించినది. ఇరవై ఏండ్ల పనికి పదేండ్ల ఆయుర్దాయం చాలదు గనుక అటువంటి పనికి పూనుకోవడం అవివేకమని దాని తాత్పర్యం. రెండవది ఆశ్రమధర్మానికి సంబంధించినది. ఒంటిపై ముడుతలు, తలపై నెరపు, ఇంట మనుమడు కనిపించినప్పుడు గృహస్థు వనానికి తరలిపోవలెనని మనుస్మృతి విధించినది. ఆ వేళ కొత్త కోరికలను పెంచుకోవడం ధర్మవిరుద్ధమని కొందరి భావం. మూడవది ఇతరులకు సంబంధించినది. వృద్ధుడు మొదలుపెట్టి విడిచిపోయిన పని పడుచువారి భుజాలపై పడుతుంది. వారు కోరని బరువును వారిపై మోపే హక్కు అతనికి ఎక్కడిది? ఈ మూడింటిలో ఏదీ తేలికగా తోసివేయదగినది కాదు. వీటికి సమాధానాన్ని సూత్రాలలో వెదకడంకంటె ఒక జీవితంలో వెదకడం మేలు. అందుకు ధోండో కేశవ్ కార్వేగారి జీవితం చాల తగినది. ఇతరులు విశ్రాంతికి పోయే వయసు వచ్చిన తరువాతనే ఆయన మొదలుపెట్టిన పెద్ద పనులు అనేకం ఉన్నవి.

కార్వేగారు 1858 ఏప్రిల్ 18న కొంకణప్రాంతంలోని రత్నగిరి జిల్లాలో, కలిమిలేని కుటుంబంలో పుట్టి, మురుడ్ గ్రామంలో పెరిగారు. చిన్నతనంలో ఒక ప్రభుత్వపరీక్ష నిమిత్తం ఆయన వానలో, కొండదారుల వెంట, దూరాన ఉన్న సతారాకు కాలినడకను పోయినారు. తీరా చేరుకొన్న తరువాత, మరీ చిన్నవానివలె కనిపిస్తున్నాడని అధికారులు ఆయనను పరీక్షకు కూర్చోనివ్వలేదు. వయసు చాలదని ఒకనాడు వెనుకకు పంపబడిన మనిషి, వయసు మించిపోయినదన్న మాటను తరువాతి కాలంలో లక్ష్యపెట్టకపోవడం వింత కాదు. 1884లో పట్టభద్రులై, 1891 నుండి పూనాలోని ఫెర్గుసన్ కళాశాలలో గణితశాస్త్రం బోధించినారు. మొదటి భార్య మరణించిన తరువాత 1893లో గోదూబాయి అనే వితంతువును వివాహమాడినారు. స్వగ్రామం వారిద్దరినీ వెలివేసినది. 1896లో వితంతువులకొరకు ఒక ఆశ్రమాన్ని స్థాపించినారు. అది నాలుగేండ్ల తరువాత పూనా వెలుపలి హింగణే గ్రామానికి మారింది. పగలు కళాశాలలో పాఠాలు చెప్పి, సాయంకాలం ఆ గ్రామానికి నడచిపోయి, అక్కడి పనులు చూచుకొనడం ఆ రోజులలో ఆయనకు నిత్యకృత్యం. 1914లో కళాశాలనుండి విరమించినారు. అప్పటికి ఆయనకు 56 ఏండ్లు. కథ అక్కడితో ముగిసినా అది సార్థకజీవితమే అయ్యేది. ఎవరూ మరింత ఆశించి ఉండరు.

జపానులో స్త్రీలకు ప్రత్యేకంగా ఏర్పడిన విశ్వవిద్యాలయాన్నిగూర్చి ఒక చిన్న పుస్తకం ఆ రోజులలోనే టపాలో ఆయనకు వచ్చినది. చూచి పక్కన పెట్టినారు. 1915లో బొంబాయిలో జరుగనున్న జాతీయ సంఘసంస్కరణ సభకు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొన్నప్పుడు, ఉపన్యాసానికి విషయం వెదుకుతూ ఆ పుస్తకాన్ని మరల చేత పట్టినారు. ఈ దేశంలోనూ అటువంటి సంస్థ ఉండవలెనని ఆ సభలో ప్రతిపాదించినారు. మెట్రిక్యులేషను వరకు చదివిన ఆడపిల్లలే అరుదుగా ఉన్న దేశంలో విశ్వవిద్యాలయమేమిటని సంస్కరణపక్షంవారిలోనే అనేకులు శంకించినారు. మరుసటి సంవత్సరమే, 1916లో, అయిదుగురు విద్యార్థినులతో ఆ విశ్వవిద్యాలయం మొదలైనది. మాతృభాషలో బోధన దాని ముఖ్యసూత్రం. స్థాపకునికి అప్పుడు 58 ఏండ్లు.

ఆ ప్రారంభంలో గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. ఛాన్సలరు పదవికి, ఎనభయ్యో ఏటికి చేరువలో ఉన్న పండితుడు రామకృష్ణ గోపాల భండార్కర్‌గారిని ఆహ్వానించినారు. వైస్ ఛాన్సలరు పదవికి ఆర్. పి. పరాంజపేగారిని ఆహ్వానించినారు. కార్వేగారు తమకు ఉంచుకొన్నది చందాలు పోగుచేసే పని. ఊరూరా తిరిగి, రూపాయీ అణా అని చూడక, ఇచ్చినది పుచ్చుకొంటూ, లెక్కలు వ్రాసికొంటూ ఆయన చాల ఏండ్లు గడిపినారు. 1920లో సర్ విఠల్‌దాస్ ఠాకర్సీగారు తమ తల్లి పేర 15 లక్షల రూపాయలు ప్రకటించిన తరువాత సంస్థకు నిలుకడ వచ్చినది. 1951లో దానికి చట్టబద్ధమైన గుర్తింపు లభించినది. అది ప్రారంభించిన 35 ఏండ్లకు వచ్చిన గుర్తింపు. దానిని చూడడానికి 93 ఏండ్ల స్థాపకుడు మిగిలి ఉన్నారు. కాని చూడగలనని లెక్క వేసికొని ఆయన ఆ పనికి దిగలేదు.

70 ఏండ్లు నిండిన తరువాత ఆయన దేశాంతరయాత్రకు బయలుదేరినారు. 1929లో యూరపుకు, అక్కడినుండి అమెరికాకు, జపానుకు పోయి తమ సంస్థనుగూర్చి ఉపన్యసించినారు. ఏ దేశపు ఉదాహరణ తమకు ప్రేరణ అయినదో ఆ దేశపు విశ్వవిద్యాలయాన్ని కన్నులారా చూచినారు. తిరిగివచ్చిన కొలది నెలలకే ఆఫ్రికాకు ప్రయాణమైనారు. 1936లో, 78 ఏండ్ల వయసున, బడిలేని పల్లెలలో ప్రాథమికపాఠశాలలు నెలకొల్పడానికి ఒక సంఘాన్ని ఏర్పరచి, తమ చిన్న పింఛనులో కొంత భాగం దానికి కేటాయించినారు. 1944లో, 86 ఏండ్ల వయసున, కులభేదాలను తొలగించి మానవసమత్వాన్ని ప్రచారం చేయడానికి 'సమతా సంఘ్' అనే మరొక సంఘాన్ని స్థాపించినారు. ఈ చివరి రెండింటికి విశ్వవిద్యాలయానికి వచ్చినంత ప్రసిద్ధి రాలేదు. అయినా ప్రస్తుతవిషయానికి అవే ముఖ్యం. కీర్తి ఆశించేవాడు 86వ ఏట కొత్త సంఘం పెట్టడు; పాతదాని ఉత్సవాలకు అధ్యక్షత వహిస్తాడు. వేలయేండ్లుగా వేళ్ళూనిన కులభేదం తమ కళ్ళముందు అంతరిస్తుందని ఆయన తలచి ఉండరు. పని పెద్దదని తెలుసు, కాలం చిన్నదని తెలుసు. రెండూ తెలిసే మొదలుపెట్టినారు. 1958లో నూరేండ్లు నిండినవేళ భారతరత్న బిరుదు వచ్చినది. 1962 నవంబరు 9న, 104 ఏండ్లు దాటిన తరువాత కన్నుమూసినారు.

ఆయన దీర్ఘాయుష్మంతుడు గనుక ఆయన ఆశలు చెల్లినవి, అందరికీ అది సాధ్యమా అని అడుగవచ్చును. ఈ ప్రశ్న తలక్రిందులుగా వేయబడినది. ఆయనకు 104 ఏండ్లు వచ్చినవని ఈనాటివారికి తెలుసు. 1916లో ఆయనకు తెలియదు. ఆ కాలంలో ఈ దేశాన పుట్టిన శిశువు సగటు ఆయుర్దాయం 30 ఏండ్లకు లోపే. శిశుమరణాలు ఆ సగటును బాగా క్రిందికి లాగినవన్నది నిజమే. అయినా 58 ఏండ్లవానికి ముందున్న కాలాన్ని ఎవరూ ఉదారంగా లెక్కకట్టి ఉండరు. గణితం బోధించినవానికి ఈ సంగతి చెప్పవలసిన పని లేదు. ఆయన లెక్క వేరు. తన ఆయువు ఎంత అని కాక, ఈ పనికి ఆయువు ఎంత కావలెనని లెక్కించినారు. తన పాలు చాలకపోతే మిగిలినది ఎవరో పూరిస్తారన్న నమ్మకంతో వారికి చోటు వదలినారు. పదవులు ఇతరులకు అప్పగించడం, మొదటినుండి సంఘాలుగానే పనిచేయడం, ప్రతి పైసకూ లెక్క వ్రాసి ఉంచడం, ఇవన్నీ ఆ చోటు వదలడంలో భాగాలే.

పండితుల జీవితాలలో ఈ విషయం ఇంకొక విధంగా కనిపిస్తుంది. శాంతినికేతనంలో సంస్కృతోపాధ్యాయుడైన హరిచరణ్ బందోపాధ్యాయ, రవీంద్రనాథుని ప్రోత్సాహంతో 1905లో వంగభాషకు ఒక మహానిఘంటువు కూర్చడం ప్రారంభించినారు. కాశింబజారు మహారాజు మణీంద్రచంద్ర నంది నెలనెలా ధనసహాయం చేసినారు. వ్రాతప్రతి సిద్ధమైన తరువాత కూడ అచ్చుకు దారి దొరకక ఏండ్లు గడచినవి. చివరకు 65 ఏండ్ల ప్రాయంలో ఆయన దానిని చిన్న చిన్న భాగాలుగా ప్రకటించసాగినారు. మొత్తం 105 భాగాలు పూర్తి కావడానికి మరి పదమూడేండ్ల వరకు పట్టినది. సహాయం చేసిన మహారాజు 1929లోనే గతించినారు. ప్రోత్సహించిన కవి 1941లో గతించినారు. పని పూర్తి అయినప్పుడు చూడవలసిన ఇద్దరిలో ఒక్కరూ లేరు. అయినా అది వారిద్దరి పని కూడాను. తరువాత సాహిత్య అకాడమి దానిని రెండు బృహత్సంపుటాలుగా పునర్ముద్రించినది. అప్పటికి నిఘంటుకర్త కూడ లేరు.

పాండురంగ వామన కాణేగారిది మరొక తీరు. న్యాయవాదిగా ఉంటూ 'వ్యవహారమయూఖ'మనే గ్రంథాన్ని పరిష్కరిస్తున్నప్పుడు దానికి పీఠికగా ధర్మశాస్త్రచరిత్రను కొంత వ్రాయదలచినారు. ఆ పీఠిక పెరిగి పెరిగి స్వతంత్రగ్రంథమైనది. మొదటి సంపుటం 1930లో, ఆయన 50వ ఏట వెలువడినది. చివరి భాగం 1962లో, 82వ ఏట వెలువడినది. మొత్తం ఆరున్నరవేల పుటలకు పైమాట. 32 ఏండ్లు పడుతుందని మొదటనే తెలిసి ఉంటే ఎవరైనా ఆ పనికి జంకేవారే. కాని ఆయన ప్రతి సంపుటాన్నీ తనంతట తాను నిలువగల గ్రంథంగా పూర్తిచేస్తూ పోయినారు. రెండవదానితో ఆగిపోయినా ఆ రెండూ పనికివచ్చేవి. నాలుగవదానితో ఆగిపోయినా ఆ నాలుగూ పనికివచ్చేవి. వయసు మీరినవాని ప్రణాళికకు ఇది చక్కని నమూనా. గోపురం మొత్తం తన కాలంలో లేవకపోవచ్చును. లేచినంతవరకు ప్రతి అంతస్తూ నిలిచే విధంగా కట్టడం మాత్రం కట్టేవాని చేతిలోనే ఉన్నది.

అనుకొన్న పని సగంలో నిలిచిపోవడం వృద్ధులకే సంభవించే ఆపద అనుకోవడం కూడ పొరపాటు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞానసర్వస్వాన్ని తలపెట్టినప్పుడు వృద్ధులు కారు. అకారంతో మొదలయ్యే విషయాలతోనే మూడు సంపుటాలు నిండినవి. 1923లో, 46 ఏండ్లకే, ఆయన మరణించినారు. పని నిలిచినది. ఆ తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు దానిని మరల చేపట్టినారు. పిమ్మట తెలుగు భాషాసమితి వేరొక రూపంలో విజ్ఞానసర్వస్వాన్ని తెలుగువారికి అందించినది. ఆయువు ముందు ఉన్నదన్న ధీమా యువకునికి సైతం పూచీ కాదు. కాలం అందరికీ అప్పుగా వచ్చినదే. వృద్ధునికి గడువు దగ్గరపడినదని తెలుసు, యువకునికి తెలియదు. ఇద్దరికీ ఉన్న తేడా అంతమాత్రమే. అందువల్ల లెక్కను ఆధారం చేసికొని వృద్ధుని వారించేవారు, ఆ న్యాయాన్నే యువకునికీ వర్తింపజేయవలసి వస్తుంది. అప్పుడు లోకంలో నిఘంటువులూ ఉండవు, విశ్వవిద్యాలయాలూ ఉండవు.

ఇక ఆశ్రమధర్మాన్నిబట్టి వచ్చే ఆక్షేపణను చూడవలెను. భారతం ఆదిపర్వంలోని యయాతికథ ఈ ఆక్షేపణకు ప్రాణం. శుక్రుని శాపంచేత అకాలవార్ధక్యం పొందిన యయాతి, తన ముసలితనాన్ని తీసికొని యౌవనాన్ని ఇమ్మని కుమారులను ఒక్కొక్కరినీ అడిగినాడు. కడసారివాడైన పూరుడు ఇచ్చినాడు. వేయేండ్లు భోగాలు అనుభవించి, కోరిక కోరికతో తీరదని గ్రహించి, యౌవనాన్ని తిరిగి కుమారునికి ఇచ్చి, రాజ్యమూ అప్పగించి, తండ్రి అడవికి పోయినాడు. యయాతి చేసిన తప్పు ముసలితనంలో భవిష్యత్తును కోరడం కాదు. తన భవిష్యత్తుకొరకు కొడుకు వర్తమానాన్ని అడగడం. పరీక్షించి చూస్తే, వయసు మీరినవారి ప్రణాళికలలో యయాతి పోలికలు తరచుగానే కనిపిస్తవి. వ్యాపారం కొడుకు చేతికి ఇవ్వక, ఇంకా పదేండ్లు తానే నడపాలని పథకాలు వేసే తండ్రి ఉన్నాడు. సంస్థ అధ్యక్షపీఠాన్ని విడువక, తాను లేకపోతే అది నడవదని నమ్మే పెద్దమనిషి ఉన్నాడు. తాను కట్టదలచిన ఇంటికొరకు కూతురి చదువు మాన్పించేవాడు ఉన్నాడు. వీరందరూ తమది ఆశావాదమనే అనుకొంటారు. కాని వీరు పెంచదలచినది పనిని కాదు, తమను. మనుస్మృతి అడవికి పొమ్మన్నది ఈ పట్టును వదలుమనే కాని, లోకహితాన్ని వదలుమని కాకపోవచ్చును.

ఈ రెండు విధాల ప్రణాళికలకు భేదం కనిపెట్టడం ఎట్లా? దానికి ఒక గుర్తు చెప్పవచ్చును. తాను లేకుండా జరిగితే సంతోషించే పనిని తలపెట్టినవాడు కార్వే మార్గంలో ఉన్నాడు; తాను లేకుండా జరిగితే నొచ్చుకొనేవాడు యయాతి మార్గంలో ఉన్నాడు. మూడవ ఆక్షేపణకు కూడ ఇందులోనే సమాధానం దొరుకుతుంది. తరువాతివారికి వదలిపోయేది బరువా, అవకాశమా అన్నది, దానిని మార్చే స్వేచ్ఛ వారికి ఉన్నదా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. కార్వేగారు స్త్రీలకు ప్రత్యేకపాఠ్యక్రమం ఉండవలెనని తలచినప్పుడు, గృహిణిగా, తల్లిగా స్త్రీ నిర్వహించవలసిన విధులు ఆయన దృష్టిలో ప్రధానంగా ఉన్నవి. ఆ దృష్టి ఇరుకైనదని విమర్శించినవారు ఆనాడే ఉన్నారు. ఈనాటివారిలో దానిని యథాతథంగా అంగీకరించేవారు కొద్దిమంది. సంస్థ మాత్రం నిలిచినది. 2016లో నూరేండ్లు నిండించుకొన్నది. అందులో ఇప్పుడు చదువుకొంటున్నవారు స్థాపకుడు ఊహించని శాస్త్రాలు చదువుతున్నారు, ఆయన ఊహించని ఉద్యోగాలకు పోతున్నారు. దీనివల్ల ఆయన ప్రణాళిక విఫలమైనదని ఎవరూ అనరు. తన ఊహను మించి పెరిగే అవకాశం ఉన్నదే మంచి ప్రణాళిక.

ఇదంతా మహనీయులకు సంబంధించిన మాట అని తోచవచ్చును. పల్లెటూళ్ళలో ఇంతకంటె నిరాడంబరమైన ఉదాహరణ ఉన్నది. తాటిచెట్టు కాపుకు రావడానికి సాధారణంగా 15, 20 ఏండ్లు పడుతుంది. పైగా, పూత వచ్చేవరకు అది మగచెట్టో ఆడుచెట్టో తెలియదు; మగచెట్టయితే కాయదు. ఈ రెండూ తెలిసిన 70 ఏండ్ల రైతు తన పొలం గట్టున తాటిటెంకలు పాతుతాడు. ఆ పని చేస్తూ అతడు తత్త్వం ఆలోచించడు. ముంజలు ఎవరు తింటారని అడిగితే, తాను చిన్నప్పుడు తిన్నవి ఎవరు నాటిన చెట్టువో తనకు తెలియదని చెప్పవచ్చును. అతని ఆశ తన దీర్ఘాయువుమీద నిలిచినది కాదు. ఆ గట్టు ఉంటుంది, ఆ ఊరు ఉంటుంది, ఎండకాలంలో ఆ దారిని పిల్లలు పోతారు అన్న విశ్వాసంమీద నిలిచినది. అతని పక్కనే, "నాకెందుకులే ఇక" అని చేతులు ముడుచుకొని అరుగుమీద కూర్చున్న మరొక వృద్ధుడు ఉన్నాడనుకొంటే, లోకం ఈ రెండవవానిని విరక్తుడని మెచ్చుకోవచ్చును. కాని విరక్తి వేరు, విసుగు వేరు. ఫలం తనకు కావలెనన్న కోరికను వదలడం విరక్తి. ఫలం తనకు రాదు గనుక పనినే వదలడం కోరికకు మరొక రూపం.

అయితే ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఆశ అనేది కేవలం మనోనిశ్చయంచేత పుట్టేది కాదు. దానికి కొంత అన్నమూ నీడా కావలెను. కార్వేగారికి చిన్నదైనా పింఛను ఉన్నది. కాణేగారికి వృత్తి ఉన్నది. రైతుకు గట్టు ఉన్నది. బ్రదుకంతా పరుల పొలాల్లో కూలిచేసి, ఒళ్ళు ఉడిగిన తరువాత రేపటి కూటికి తడుముకొనే వృద్ధురాలికి పదేండ్ల ప్రణాళిక వేసికొమ్మని చెప్పడం క్రౌర్యం. ఆమెకు భవిష్యత్తు లేకపోవడానికి కారణం వయసు కాదు, దారిద్ర్యం. ముసలివారు ఆశ విడువరాదని ఉపదేశించే సమాజం, ముందుగా వారికి రేపటిని హామీ ఇవ్వవలెను. ఆ హామీ లేనిచోట ఆశావాదం కలవారి విలాసంగానే మిగిలిపోతుంది. అట్లాగే, జ్ఞాపకశక్తి తగ్గి, దేహం లొంగి, నిజంగా విశ్రాంతి కోరేవారిని ఉత్సాహపడవలసినదని వేధించడం కూడ తగదు. ప్రణాళిక వేసికొనడం వృద్ధుని హక్కు. అది అతని విధి అని ఇతరులు శాసించరాదు.

ఆశకు కూడు, నీడ మాత్రమే చాలవు. మనుషులమీద నమ్మకం కూడ కావలెను. దీనిని గాంధీజీ చివరిదశ చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. తాను 125 ఏండ్లు బ్రదికి సేవ చేయదలచినట్లు ఆయన 1942లో చెప్పినారు. విన్నవారిలో కొందరు నవ్వి ఉంటారు. కాని ఆ మాటలో పని చేయదలచిన దీక్ష తప్ప ఆయువుమీది ఆశ కనిపించదు. 1947లో దేశం రెండై, మనుషులు మనుషులను చంపుకొంటున్న రోజులలో, అక్టోబరు 2న తన 78వ జన్మదినాన, ఆ కోరిక తనలో లేకుండాపోయినదని ఆయన చెప్పినారు. దేహం ఆనాటికి మరీ కృశించినందువల్ల కాదు. తన మాటకు మనుషుల హృదయాల్లో చోటు లేదని తోచినందువల్ల. మరుసటి జనవరిలో ఢిల్లీలో ఉపవాసదీక్ష పూనినారు. అన్ని మతాల నాయకులూ కలిసివచ్చి శాంతికి ప్రతిజ్ఞ చేయగా జనవరి 18న దీక్ష విరమించినారు. ఆ ప్రతిజ్ఞ నెరవేరితే పూర్ణాయువు బ్రదకవలెనన్న కోరిక తనలో మరల బలపడుతుందని ఆనాడు చెప్పినారు. జనవరి 29న, కాంగ్రెసు సంస్థ రాజకీయాధికారాన్ని వదలి, పల్లెపల్లెనా పనిచేసే లోకసేవక సంఘంగా మారవలెనని ఒక ముసాయిదా వ్రాసినారు. మరునాటి సాయంకాలం ఆయన హత్యకు గురియైనారు. ఆ ముసాయిదాను కాంగ్రెసు అమలుపరచలేదు. అయినా, జీవితంలో చివరి పూర్ణదినాన ఒక 78 ఏండ్ల మనిషి చేసిన పని రాబోయే తరాలకు చెందిన ప్రణాళిక అన్న విషయం మిగిలి ఉన్నది. మనుషులమీద నమ్మకం సడలినప్పుడు ఆయన ఆయువునే వద్దనుకొన్నారు. నమ్మకం కొంచెం చిగిర్చగానే మరల కలము చేతపట్టినారు.

దీనినిబట్టి చూస్తే, "ఈ వయసులో ఎందుకు?" అన్న ప్రశ్నకు సమాధానం ప్రశ్న ఎవరికి వేయబడుతున్నదో వారిలో సగమే ఉన్నది. మిగిలిన సగం అడిగేవారిలో ఉన్నది. వృద్ధుడు దూరపుకాలాన్ని ఉద్దేశించి ఒక పనిని మొదలుపెట్టినప్పుడు, తన తరువాతివారు దానిని అందుకోదగినవారని అతడు చెప్పకయే చెబుతున్నాడు. అది వారిని గౌరవించడం. ఆ గౌరవాన్ని చిరునవ్వుతో తిరస్కరించేవారు అతని ఆయువును తక్కువగా అంచనా వేస్తున్నామనుకొంటారు. నిజానికి తక్కువగా అంచనా వేస్తున్నది తమనే.

కర్మకాండలో సంకల్పం చెప్పుకొనే ఆచారం ఈ దేశంలో ఉన్నది. ఏ చిన్న వ్రతం చేయబోయినా, కర్త ముందుగా కల్పాన్ని, మన్వంతరాన్ని, యుగాన్ని పేర్కొని, ఆ అనంతకాలంలో తాను నిలిచి ఉన్న సంవత్సరాన్ని, మాసాన్ని, తిథిని, వారాన్ని చెప్పుకొని, ఆ పిమ్మటనే తాను చేయబోయే పనిని చెబుతాడు. అంత పెద్ద కాలాన్ని తలచినందువల్ల అతడు తన చిన్నపనిని మానుకోడు. ఆ కాలంలో తన చోటు ఎక్కడో తెలిసికొని కూర్చుంటాడు. తీరా హోమం చేసేటప్పుడు, వేల్చిన ప్రతి ఆహుతికీ చివర, ఇది నాది కాదని చెబుతాడు. మొదట సంకల్పం, చివర సమర్పణ. రెండింటి నడుమ పని. మలిసంధ్యలో కూర్చున్నవానికి ఈ క్రమం కొత్తగా నేర్పవలసినది కాదు. సంకల్పం చెప్పుకొని లేచి, ఆ పూటకు చేయగలిగినంత పని చేసి, మిగిలినది రేపటివారికి ఒప్పజెప్పడమే.